బూడిద కుప్పల వెనుక మూడు రోజులు

మా సిరిసిల్లలో కాశీకి పోయివచ్చినవాళ్లున్నారు. తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చి నెల రోజులు అదే ముచ్చట చెప్పినవాళ్లున్నారు. బెల్లంపల్లికి పోయివచ్చి, అక్కడ ఇదిగో ఇది చూశాను అని చెప్పినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. బొగ్గు తప్ప అక్కడ చూసేదేముంది అంటారు. చాలా ఉంది. కళ్లకు రెప్ప పడనంత ఉంది. ఇప్పుడు రాస్తే ఎవరికీ చేటు లేదు కాబట్టి రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను.

నేను పోయింది మా తమ్ముడు నర్సయ్య కోసం. బాపు పోయాక నూలు ధర పెరిగి, మగ్గం నడవక, వాడు దాన్ని అమ్మేసి ఊరు విడిచాడు. "బెల్లంపల్లిల బొగ్గు బాయి పనికి కుదిరిన, మంచిగున్న" అని ఎవరితోనో ఒకసారి కబురు పంపాడు. మా దిక్కు గనిని బాయి అనే అంటారు. ఆ తర్వాత రెండేళ్లు ఉలుకూ పలుకూ లేదు. మా అవ్వ, మా ఇద్దరినీ కన్నతల్లి, నా దగ్గరే ఉంటుంది. ముద్ద దిగేది కాదు ఆమెకు. "పోయి కండ్లతోని చూసి రా బిడ్డా. బతికున్నడా లేడా, గంతే చెప్పు" అంది. మా ఆయన మగ్గం దిగి వచ్చే వీలు లేదు. సరే, నేనే పోతానన్నాను. నలభై ఏళ్లు దాటినా అప్పటిదాకా ఒంటరిగా వేములవాడ జాతరకు కూడా పోలేదు నేను.

కరీంనగర్ బస్సు

మూటలో మా ఆయన నేసిన తువ్వాలలు రెండు, సర్వపిండి, వేయించిన మక్కలు. బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె ఒళ్లో కోడి. కరీంనగర్ దాకా ఆ కోడి నా మూటనే పొడిచింది. "మూటల ఏమున్నది?" అని అడిగిందామె. మక్కలన్నాను. "గందుకే" అని ఇంత గుప్పెడు అడిగి తీసుకుంది. రెండు గింజలు కోడికి వేసి మిగతావన్నీ తనే తిన్నది.

కరీంనగర్ బస్టాండులో మొదటిసారి హోటల్ చాయ్ తాగాను. చాయ్ ధర అణా, అణా అంటే కొత్త పైసల్లో ఆరు. చాయ్‌వాడికీ నాకూ ఆ లెక్క మీదే కాసేపు పంచాయితీ జరిగింది. కానీ చాయ్ ఎంత చిక్కగా ఉందంటే ఇంకొకటి తాగాలనిపించింది, తాగాను. ఇంటి దగ్గరైతే ఆడది నిలబడి చాయ్ తాగుతుంటే పది మంది చూసేవాళ్లు. అక్కడ ఎవరి తొందర వారిది.

గోదావరి వంతెన

పెద్దపల్లిలో చుట్టాలింట్లో పడుకుని తెల్లారి రైలెక్కాను. రాత్రిబడిలో అక్షరాలు దిద్ది అప్పటికి ఏడాది. స్టేషన్ వచ్చినప్పుడల్లా బోర్డు మీద పేరు కూడబలుక్కునేదాన్ని. రామగుండం చదవడం పూర్తయ్యేసరికి రైలు కదిలేది. ఎదురుగా కూర్చున్న మంచిర్యాల తాత నవ్వి, "నువ్వు చదివేదాక ఆగాల్నంటే డ్రైవర్‌కు చిట్టీ పంపాలె బిడ్డా" అన్నాడు.

గోదావరి వస్తోందని రైలు డబ్బాలో అందరూ పైసలు తీసి కిటికీల దగ్గరికి జరిగారు. నేనూ ఒక పైస తీసి కళ్లు మూసుకుని తమ్ముడి పేరు తలుచుకున్నాను. ఆ తలుచుకోవడం ఎంతసేపు సాగిందో, కళ్లు తెరిచి విసిరేసరికి నీళ్లు దాటిపోయి ఒట్టి ఇసుక కనిపించింది. అయ్యో అన్నాను. తాత మాత్రం, "ఫికర్ చెయ్యకు. వానకాలం వచ్చినప్పుడు గోదారమ్మ ఏరుకుంటది. అప్పు ఉంచుకునే మనిషి గాదు" అన్నాడు. డబ్బా అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

బెల్లంపల్లి, బాయి గేటు

రైలు దిగి బయటికి వచ్చానో లేదో సైరన్ కూసింది. నేను మూట వదిలేసి చెవులు మూసుకున్నాను. మిగతా జనం తలెత్తి కూడా చూడలేదు. అంత జనం నేనెక్కడా చూడలేదు. పట్నం అంటే ఇదే అనుకున్నాను. తెలుగు, ఉర్దూ, మరాఠీ, నాకు తెలియని ఇంకేవో భాషలు. పగటిపూట కూడా వెలుగుతున్న కరెంటు దీపాలు. పైన చక్రాల మీద తాళ్లు తిరుగుతుంటే కింద భూమిలోకి మనుషులు దిగిపోవడం. మా ఊళ్లో మనిషి కాళ్లు పెట్టుకునేంత గుంట తవ్వి మగ్గం దింపుతారు. ఇక్కడ మనిషినే దింపుతున్నారు.

గేటు దగ్గర ఒక బల్ల, బల్ల వెనుక కళ్లద్దాల గుమాస్తా. పాళీకి, అంటే వంతు పనికి, దిగేవాళ్ల హాజరు రాసేది ఆయనే. సంబరం ఆపుకోలేక నేను పది మందిలో గట్టిగా అడిగేశాను.

"బాబూ, నర్సయ్య గావాలె. సిరిసిల్ల నర్సయ్య. నా తమ్ముడు!"

"గా పేరు మా బుక్కుల లేదే. ఎట్లుంటడు?"

"సన్నగ, పొడుగ్గ. ఎడమ కనుబొమ్మ మీద గాటుంటది. చిన్నప్పుడు మగ్గం మీద పోగు దాటించే నాడె ఎగిరి తగిలింది."

ఆయన కలం ఆగింది. "కనుబొమ్మ మీద గాటు..." అని నా మొహంలోకి చూశాడు. "గసొంటోడు ఒకడున్నడు గని, వాని పేరు నర్సయ్య గాదు." ఏదో చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. "గా బూడిద కుప్పలున్నయి సూడు, వాటెనక గుడిసెలున్నయి. ఆడ అడుగు. పాళీ అయినంక నేనూ వస్త."

పెద్దమనిషి తానే వస్తానన్నాడని నేను పొంగిపోయాను. చెయ్యెత్తి దండం కూడా పెట్టాను.

పేరు లేని వాడ

దారిలో నలుగురిని అడిగితే నలుగురూ "గటు ఏముంటది?" అన్నారు. ఇంజన్ల బూడిద తెచ్చి పోసీ పోసీ గుట్టలైన చోట, వాటి వెనుక ముప్పై దాకా గుడిసెలు. ఊరికి ఇటు చూసే పని లేదు. వాడకు పేరు కూడా లేదు. ఒకే ఒక నల్లా. దాని ముందు బిందెల వరుస.

"నర్సయ్యనా? గసొంటోళ్లు ఎవ్వలు లేరు." మొదటి గుడిసెలో ఈ మాటే. రెండో గుడిసెలో ఈ మాటే. మూడో గుడిసెలో నేను పేరు పూర్తిగా అనకముందే లేరన్నారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అవ్వకు ఏం చెప్పాలి? మూట మీదే కూలబడ్డాను.

నల్లా దగ్గరి నుంచి ఒక పెద్దామె పిలిచింది. "ఎండల గట్ల కూసున్నవేంది చెల్లె? ఇటు రా. తమ్ముడు దొరికినా దొరకకున్నా కడుపైతే కాలుతది గదా!"

ఆమె పేరు శాంతమ్మ. గుడిసె లోపల గోడకు శిలువ కనిపించి నా కాళ్లు గడపలో ఆగాయి. మిషను గుడికి పోయే కుటుంబం. ఇంటి దగ్గరైతే ఇటువంటి చోట నేను మంచినీళ్లు కూడా తాగేదాన్ని కాదు, దాచడమెందుకు. శాంతమ్మకు అది కనిపించింది. పళ్లెంలో జొన్నరొట్టె, పుంటికూర పెట్టి గడపలోనే నా ముందుకు జరిపింది. పక్క గుడిసె నుంచి చాందా దిక్కు మరాఠీ ఆమె, గంగూబాయి, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కలిపి దంచిన తొక్కు ఇంత తెచ్చి వేసింది. "ఖా బాయీ, ఖా. తిను" అంది. ఆకలి ముందు నా పట్టింపు ఎంతసేపు నిలిచేది? లోపలికి పోయి కూర్చుని మూడు రొట్టెలు తిన్నాను. ఆ తొక్కు ఘాటుకు కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. తుడుచుకుందామని మూట విప్పి కొత్త తువ్వాల లాగాను.

శాంతమ్మ ఆ తువ్వాల అంచు పట్టుకుంది. ఎర్ర అంచులో మూడు పచ్చ పోగులు. మా ఆయన తప్ప మా వీధిలో ఆ అంచు ఎవరూ వేయరు.

"గీ అంచు మా యోహాను మెడల ఉంటది" అంది మెల్లగా. లేచి తలుపు దగ్గరికి వేసింది. "నువ్వు సత్తెక్కవా?"

టిక్కెట్టు

నా తమ్ముడు బతికే ఉన్నాడు. ఆ మాట విన్నాక ఇక ఏది విన్నా ఫరవాలేదనుకున్నాను. కానీ యోహాను అనే పేరు వినగానే మళ్లీ పాత మనిషినైపోయాను.

"అయితే మావోడు మీ మతంల కలిసిండా?"

శాంతమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "మతం గాదు చెల్లె, టిక్కెట్టు మారింది. ఆదివారం ప్రార్థనకు రమ్మంటే ముసుగు తన్ని పంటడు నీ తమ్ముడు!"

అసలు యోహాను శాంతమ్మ పెద్దకొడుకు. బాయిలో పనికి పేరు రాసిచ్చే టిక్కెట్టు దొరికితే వాడకంతా బెల్లం పంచిందట ఆమె. "ఒక్కనాడు దిగిండు. గా ఇనుప డోలి కిందికి పోతాంటే ఊపిరి ఆడలేదట. పైకొచ్చి, టోపీ గేటు కాడనే పెట్టి, నా మొఖం గూడ సూడకుంట పోయిండు. సిగ్గు. ఆదిలాబాదుల పత్తి మిల్లుల కనవడ్డడని ఒకలు చెప్పిండ్రు. గంతే."

అదే వారం నర్సయ్య పని దొరకక, తిండి లేక, ఆ నల్లా దగ్గర పడి ఉన్నాడట. "టిక్కెట్టు ఊకెనే పోతాంది. నా కొడుకు పేరు నీకిస్త, దిగుతవా అన్న. దిగుత అవ్వా అన్నడు." బాయిల్లో ఇట్లా ఒకరి పేరు మీద ఒకరు పనిచేయడం అక్కడ చాలామందికి తెలిసిన గుట్టేనట. తెలిసినా ఎవరూ నోరెత్తరు. నోరెత్తితే ఆ రోజుతో పని పోతుంది. ఉత్తరం రాయకపోవడానికీ అదే కారణం. సిరిసిల్ల నుంచి నర్సయ్య అనే పేరు ఆ వాడ దాకా రాకూడదు.

"అక్కా, నేను గేటు కాడ..." అని జరిగిందంతా చెప్పాను. పేరు, ఊరు, కనుబొమ్మ మీది గాటు, గుమాస్తా రాసుకోవడం.

గంగూబాయి నెత్తి కొట్టుకుంది. "అరె దేవా! దండం గూడ పెట్టొచ్చినవా బాయీ?"

పాళీ దిగే వేళ

క్షణంలో వాడలోని ఆడవాళ్లంతా ఆ గుడిసెలో చేరారు. నాలుగు గంటలకు పాళీ దిగుతుంది. గుమాస్తా వస్తాడు. నన్ను ఎవరని చెప్పాలి? శాంతమ్మ చెల్లెలని చెబుదామని ఒకరు. "మరి నొసట గంత బొట్టేంది?" అని ఇంకొకరు. గంగూబాయి ఆడబిడ్డనని చెబుదామంటే, "మరాఠీల ఒక్క మాటన్న వస్తదా?" అని అడిగారు. నాకు వచ్చిన ఒకే ఒక మాట 'ఖా'. అదే అన్నాను. అంత భయంలోనూ అందరూ పకపకా నవ్వారు.

చివరికి శాంతమ్మే తేల్చింది. "అబద్ధం ఎంత చిన్నగుంటే గంత మంచిది. తమ్ముని కోసం వచ్చింది, తమ్ముడు దొరకలే. గంతే. చెల్లె, వాని ముందలనే వీడు గాదు అనాలె. అంటవా?"

అంటానన్నాను. రెండేళ్ల తర్వాత చూడబోయే తమ్ముణ్ణి!

కష్టం ఇంకొకటుంది. నేను వచ్చిన సంగతి వాడికి తెలియదు. చూడగానే అక్కా అని అరుస్తాడు. ముందే చెప్పి రమ్మని గంగూబాయి బిందె చంకన పెట్టుకుని గేటు దిక్కు ఉరికింది. సైరన్ కూసింది. కొంచెం సేపటికి బిందె అట్లాగే ఖాళీగా పట్టుకుని వెనక్కి వచ్చింది. "బాబు వాని పక్కపొంటే వస్తుండు. మాట్లాడ సందు దొరకలే."

బూడిద కుప్ప మలుపు తిరిగి గుమాస్తా వెంట ఆరుగురు మనుషులు వచ్చారు. ఆరుగురూ నెత్తి నుంచి కాళ్ల దాకా నలుపే. కళ్లూ పళ్లూ తప్ప ఏమీ తెలియడం లేదు. నా కడుపున పుట్టిన బిడ్డలా పెంచిన తమ్ముడు వీళ్లలో ఎవరో నాకు ఆనవాలు తెలియలేదు. అంతలో ఒకడి నడక ఆగిపోయింది. వాడి నోరు తెరుచుకుంది.

"యోహానూ!" శాంతమ్మ గొంతు వాడంతా మోగింది. "సూడు కొడుకా, గీ నేతామె ఎవ్వల్నో వెదుక్కుంట సిరిసిల్ల నుంచి వచ్చిందట. నర్సయ్యనట. నువ్వేమన్న ఎరుగుదువా?"

తెరిచిన నోరు మూసుకుంది. "ఎర్కలే అవ్వా" అన్నాడు.

వాడు అవ్వా అన్నది ఆమెను.

గుమాస్తా నన్ను దగ్గరికి పిలిచాడు. "మంచిగ సూడమ్మా. గీయననేనా నీ తమ్ముడు? కనుబొమ్మ మీద గాటున్నది."

చూశాను. బొగ్గు పొడి కింద గాటు కనిపిస్తూనే ఉంది. ఆ నాడె విసిరింది నేనే, నాకు తొమ్మిదేళ్లప్పుడు.

"గీన గాదు బాబూ" అన్నాను. నమ్మాడో లేదోనని ఇంకొక మాట కలిపాను. "మా తమ్ముడు జర తెల్లగుంటడు."

వాడంతా గొల్లుమంది. నల్లటి ఆ ఆరుగురూ నవ్వారు. మా తమ్ముడు కూడా నవ్వాడు. వాడి పళ్లు చూశాక, కాళ్ల కింద భూమి ఉందని మళ్లీ తెలిసింది నాకు.

గుమాస్తా నవ్వలేదు. వాడి మెడలోని తువ్వాల చూశాడు. నేను మొహం తుడుచుకుని అరుగు మీద ఆరేసిన కొత్త తువ్వాల చూశాడు. రెండింటి అంచూ చూశాడు. ఆ తువ్వాల దాచాలని మా పదిమందిలో ఒక్కరికీ తోచలేదు!

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సిరిసిల్ల తువ్వాలలు గట్టిగుంటయట" అన్నాడు. "మా దగ్గర శానమందే కప్పుకుంటరు." చిన్న పుస్తకం తీసి, పొద్దున రాసుకున్నదాని మీద ఒక గీత అడ్డంగా గీసి, మళ్లీ జేబులో పెట్టాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. "అమ్మా, ఇంకోపారి గేటు కాడ పేర్లు పెట్టి ఒర్లకు. చెవులు నాకొక్కనికే గాదు, ఆడ అందరికున్నయి."

ఆయన కుప్ప దాటేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత శాంతమ్మ నల్లా దగ్గర రాతి మీద వాణ్ణి కూర్చోబెట్టి వేడినీళ్లు పోసింది. నల్లటి నీళ్లు, బూడిద రంగు నీళ్లు, తర్వాత మామూలు నీళ్లు. ఆ నీళ్ల కింద నుంచి మా నర్సయ్య కొంచెం కొంచెంగా బయటికి వచ్చాడు. వీపు తోమడానికి నేను చెయ్యి వేశాను. "నాడె తగిలిందని బాబుకు ఎందుకు చెప్పినవ్ అక్కా? దారంత గదే అడిగిండు. మేకపోతు పొడిచిందని చెప్పుకుంటున్న గదా ఈడ" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నీళ్లలో తెలియలేదు.

మరి రెండు రోజులు

ఆ వాడలో నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఇనుప బకెట్టుకు మట్టి మెత్తి బొగ్గు పొయ్యి చేస్తారు. సాయంత్రం ప్రతి గుడిసె ముందూ ఒకటి రగులుతుంది. పొగ పోయేదాకా లోపలికి తీసుకుపోకూడదు. ఆ అరగంట ఆడవాళ్లకు కచేరీ. మా కట్టెల పొయ్యి ముందు కూర్చుంటే ఊదడానికే సరిపోతుంది నోరు, మాట్లాడే తీరిక ఎక్కడిది? నేను వాళ్లకు సర్వపిండి చేసి పెట్టాను. గంగూబాయికి నచ్చి, ఒక దాన్ని చుట్టి తొక్కు పెట్టుకుని తిన్నది. అట్లా తినడం మా అవ్వ చూస్తే ఏమనేదో!

రెండో రోజు పొగ కచేరీలో శాంతమ్మను అడిగాను. కొడుకు పేరు పరాయివాడికి ఇవ్వడానికి మనసు ఎట్లా ఒప్పిందని.

"దినాం పొద్దుగాల నా కొడుకు పేరు పెట్టి పిలుస్త" అంది. "పలికెటోడు ఒకడున్నడు గదా చెల్లె."

నేను తల వంచుకుని పొయ్యి ఊదాను. బొగ్గు పొయ్యి ఊదకూడదని అప్పుడే తెలిసింది. కళ్ల నిండా బూడిద.

మూడో రోజు స్టేషన్‌కు వాడు, వాడితో పాటు ఇంకో నలుగురు బాయి మనుషులు వచ్చారు. రైలు కదిలాక నేను కిటికీలోంచి తల బయట పెట్టి, అందరూ వినేటట్లు కేక వేశాను. "పోయొస్త యోహానూ! మీ అవ్వను మంచిగ అర్సుకో!"

వాడు చెయ్యి ఊపడం మరిచి నిలబడిపోయాడు.

ఇంటికి

అవ్వ గడపలోనే కూర్చుని ఉంది. నేను కాళ్లు కూడా కడుక్కోకుండా ముందు "ఉన్నడు, మంచిగున్నడు" అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. శిలువ ఉన్న ఇంట్లో తిన్నదీ చెప్పాను. వాడు వేరే ఆమెను అవ్వా అని పిలుస్తున్నదీ చెప్పాను. ఈ రెండు మాటలకు అవ్వ తిడుతుందని సిద్ధపడే ఉన్నాను.

అవ్వ తిట్టలేదు. రెండేళ్ల తర్వాత ఆ రోజు అన్నం అడిగి పెట్టించుకుంది. నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపింది.

"నా కొడుకుకైతే గామె వండిపెడుతున్నది" అంది. "మరి గామె కొడుకుకు ఎవ్వలు పెడుతున్నరే?"

"ఏమో అవ్వా. ఆదిలాబాదుల ఉన్నడట."

"ఆదిలాబాదు ఎంత దూరం?"

తెలియదన్నాను. పళ్లెం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని, మా ఆయన మగ్గం గుంట దగ్గరికి పోయి నిలబడింది. "అల్లుడా, జర మగ్గం ఆపు. ఆదిలాబాదుకు బస్సు ఎన్ని గంటలకో అర్సుకొని రా. నా బిడ్డ ఒకసారి పోయొచ్చింది గదా, ఈపారి దారి ఎర్కనే ఉంటది."